బృహద్ధమని చరిత్ర: ఆటుపోటుల కొలత

తెలుగున ‘పోటు’ అను మాటకు అర్థములు పెక్కు కలవు. బల్లెపుపోటు ఆయుధపు దెబ్బ. తలపోటు, పంటిపోటు బాధలు. సముద్రమునకు ఆటుపోటులు కలవు. అందు నీరు పొంగి తీరమును త్రోయుట పోటు, తగ్గి వెనుకకు మరలుట ఆటు. వైద్యులు ‘రక్తపుపోటు’ అనునపుడు ఈ అర్థములలో దేనిని గ్రహింపవలయును? సామాన్యజనులు రెండవదానిని గ్రహింతురు. పోటనగా నొప్పి, నొప్పి లేదు కావున పోటును లేదని తలంతురు. ఈ పొరపాటు మాటలోనిదే ఐనను, దానివలన ప్రాణములు పోవుచున్నవి.

కమలాపూరు గడ్చిరోలి జిల్లాలో, సిరొంచ అటవీవిభాగపు ఏనుగుల శిబిరముచే పేరుగాంచిన గ్రామము. ఈ ప్రాంతమున వైద్యుడు మరాఠీలో ‘రక్తదాబ్’ అనును. చీటీ ఇంగ్లీషున నుండును. రోగి యింట తెలుగో, గోండీయో, మాడియాయో వినవచ్చును. కడకు అందరికిని మిగిలిన మాట ‘బీపీ’ అను రెండక్షరములు. చీటీ చదివి చెప్పుటకు బడిపిల్లలను, ఒక్కొక్కపుడు ఉపాధ్యాయులమగు మమ్మును పిలుచుట కలదు. “ఒంటిలో బాధ యేమియు లేదు కదా, మాత్ర యెందులకు?” అను ప్రశ్న మాకు క్రొత్తది కాదు. చీటీలోని యక్షరములు చదివి చెప్పినంతమాత్రమున ఆ ప్రశ్నకు సమాధానము దొరకదు. అది చరిత్రలో నున్నది.

శరీరమందలి రక్తనాళములలో కెల్ల పెద్దదగు బృహద్ధమని యేల గట్టిపడునో, ఏల చీలునో తెలిసికొనుటకు మానవునకు రెండు శతాబ్దములకు పైగా పట్టెను. ఆ త్రోవలో ముందడుగు వేసినవారెల్లరును కొలిచినవారే. కొలత లేనిచోట ఈ వ్యాధి ‘విధి’ యను పేర దాగియుండెను. మన పల్లెలలో నేటికిని దాగియున్నదని నా అభిప్రాయము. దానిని విశదీకరించుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

తిత్తివంటి నాళము

బృహద్ధమని గుండె యొక్క ఎడమ జఠరికనుండి బయలువెడలి, పైకి లేచి, వంపు తిరిగి, వెన్నెముక ననుసరించి కడుపులోనికి దిగును. మొదట దాని వ్యాసము సుమారు 3 సెంటీమీటర్లు. గోడ మందము 2 మిల్లీమీటర్ల ప్రాంతము. ఆ పలుచని గోడలోనే మూడు పొరలు కలవు. లోపలి పొర రక్తమును తాకుచుండును. వెలుపలి పొర రక్షణ కవచము. నడిమి పొర బలమునకు స్థానము. అందు ‘ఎలాస్టిన్’ అను సాగెడు పదార్థపు పలకలు ఒకదానిపై నొకటి యాభైకి పైగా పేర్పబడి యుండును. వాని నడుమ ‘కొల్లాజెన్’ అను గట్టి నారలును, కండరకణములును ఉండును.

జానపద కళాకారులు శ్రుతికై వాడు తోలుతిత్తిని చూచినవారికి ఈ నాళపు పని తేలికగా బోధపడును. ఊదువాడు ఆగి యాగి ఊదును. నాదము మాత్రము ఆగదు. ఊదినపుడు ఉబ్బిన తోలు, అతడు ఊపిరి తీసికొనునపుడు తానే క్రుంగి గాలిని గొట్టములోనికి త్రోయును. గుండెయు ఆగి యాగియే కొట్టుకొనును. అది ముడుచుకొన్నపుడు బృహద్ధమని ఉబ్బి కొంత రక్తమును తనయందు నిలుపుకొనును. గుండె విశ్రమించునపుడు క్రుంగి ఆ రక్తమును ముందునకు నడుపును. కావున పోటు మితిమీరదు, ఆటు అడుగంటదు. ఆరోగ్యవంతునియందు పోటు సుమారు 120, ఆటు సుమారు 80 మిల్లీమీటర్ల పాదరసపు ఎత్తునకు సమానము. 

తోలు ఎండి బిరుసెక్కిన తిత్తి ఇట్లు పని చేయదు. ఊదినపుడు నాదము హెచ్చును, ఊపిరి తీసికొనునపుడు సన్నగిల్లును. బృహద్ధమనియు గట్టిపడినపుడు పోటు పెరుగును, ఆటు తగ్గును. ఈ సంగతి నేడు ఒక్క వాక్యములో చెప్పగలుగుచున్నాము. దీనిని కనుగొన్న విధము చూతము.

వ్రేలి క్రింది నాడి, గాజుగొట్టములోని రక్తము

నాడిని పరీక్షించుట మన దేశమున ప్రాచీనమైన విద్య. శార్ఙ్గధర సంహితయందు నాడి నడకలు పాము, కప్ప, హంస మున్నగువాని నడకలతో పోల్చబడినవి. తెలుగు వైద్యులకు చిరపరిచితమగు బసవరాజీయమునందును నాడీపరీక్షకు ప్రాముఖ్యము కలదు. ఈ వైద్యుల వ్రేళ్ళు మిక్కిలి సూక్ష్మగ్రాహులు. ఐనను వ్రేలు గ్రహించినది వ్రేలితోనే పోవును. ఒక వైద్యుడు చూచిన నాడిని పదేండ్ల పిమ్మట మరియొకడు చూచిన నాడితో పోల్చుటకు సాధనము లేకపోయెను. అంకె యున్నగాని పోలిక కుదురదు.

ఆ అంకెను మొదట తెచ్చినవాడు ఇంగ్లండునందలి స్టీఫెన్ హేల్స్ అను క్రైస్తవ మతాచార్యుడు. ఆయన ఒక ఆడుగుఱ్ఱపు ధమనిలో లోహపు గొట్టము నమర్చి, దానికి పొడవైన గాజుగొట్టమును తగిలించెను. రక్తము అందులో 8 అడుగుల 3 అంగుళముల ఎత్తునకు లేచి, గుండె కొట్టుకొనినపుడెల్ల పైకి క్రిందికి ఊగెను. ఈ ప్రయోగమును 1733లో ప్రకటించెను. ధమనుల సాగుగుణమును ఆయన ఆ కాలపు అగ్నిమాపక యంత్రములోని గాలిగదితో పోల్చెను. పంపు ఆగి యాగి కొట్టినను నీటిధార ఆగకుండునట్లు చేయునది ఆ గదియే. మన తిత్తియు నదియే.

1760 అక్టోబరు 25వ తేదీ ఉదయమున ఇంగ్లండు రాజగు రెండవ జార్జి నిద్రలేచి, చాకొలేటు పానీయము త్రాగి, మరుగుదొడ్డికి పోయెను. కొంతసేపటికి ఏదియో పడిన చప్పుడు విని సేవకుడు పోయి చూడగా రాజు నేలపై పడియుండెను. ఆయన వయస్సు అప్పటికి 76 సంవత్సరములు. రాజవైద్యుడగు ఫ్రాంక్ నికొల్స్ శవపరీక్ష చేసెను. గుండెను కప్పియుండు సంచి గడ్డకట్టిన రక్తముతో నిండియుండెను. బృహద్ధమని లోపలి వైపున సుమారు ఒకటిన్నర అంగుళపు చీలిక కనబడెను. రక్తము దానిలో జొరబడి పొరలను విడదీసియుండెను. సామాన్యుడెవడైన నిట్లు మరణించియుండినచో ‘కాలము తీరెను’ అని లోకము ఊరకుండెడిది. రాజు కావున తెరచి చూచిరి, వ్రాసియుంచిరి. ఈ వ్యాధిని గూర్చిన తొలి స్పష్టమైన వర్ణన అట్లు లభించెను. 1819లో ఫ్రెంచి వైద్యుడు లెన్నెక్ ఈ స్థితికి ‘పొరలను విడదీయు ఉబ్బు’ అను అర్థము గల పేరు పెట్టెను. పేరు దొరకెను గాని, చికిత్స దొరకుటకు ఇంకను నూరేండ్లకు పైగా పట్టెను.

అంకె రోగి చేతి కందుట

హేల్స్ పద్ధతి గుఱ్ఱమునకు చెల్లెను గాని రోగికి చెల్లదు. ధమనిని కోయక కొలుచుట యెట్లు? ఈ సమస్యతో పెనగినవారిలో మన దేశముతో సంబంధము గలవాడొకడున్నాడు. పట్నాలో జన్మించి ఇంగ్లండునకు పోయి స్థిరపడిన షేక్ దీన్ మహమ్మద్ మనుమడు ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్ 1849లో బ్రైటన్ నగరమున జన్మించెను. లండనులోని గయ్స్ ఆసుపత్రిలో వైద్యము నేర్చి, నాడి అలను కాగితముపై గీతగా గీయు యంత్రమును మెరుగుపరచెను. మూత్రపిండముల రోగము లేనివారిలో సైతము రక్తపుపోటు హెచ్చుగా నుండవచ్చుననియు, వయస్సుతో ధమనులు గట్టిపడినపుడు నాడిగీత ఆకారము మారుననియు 1870–1880 నడుమ చూపెను. రోగి తాను ఆరోగ్యవంతుడనని తలంచుచుండగనే ఈ పోటు అతని యందుండునని గుర్తించుట ఆయన గొప్పతనము. 1884లో, 35 ఏండ్ల ప్రాయమున, సన్నిపాత జ్వరముచే మరణించెను.

అదే కాలమున మరియొక కొలత సిద్ధమయ్యెను. నీటిగొట్టములో త్రోసిన అల, గొట్టము ఎంత బిరుసైనదో అంత వేగముగా పరుగెత్తును. డచ్చి శాస్త్రజ్ఞులగు మోయెన్స్, కోర్టెవెగ్ 1878లో దీనికి గణితసూత్రము నిచ్చిరి. యౌవనమున బృహద్ధమనిలో నాడి అల క్షణమునకు సుమారు 6 మీటర్ల వేగముతో పోవును. గట్టిపడిన ముదుసలి ధమనిలో 10 మీటర్లు మించును. ఇప్పటి వైద్యులు ధమనీకాఠిన్యమును కొలుచునది ఈ వేగముతోనే.

1896లో ఇటలీ వైద్యుడు రీవా రొచ్చి చేతికి గాలిపట్టీ చుట్టి పాదరసముతో పోటును కొలుచు సాధనమును కల్పించెను. 1905లో రష్యా వైద్యుడు కొరొత్కోవ్, ఆ పట్టీ క్రింద వినికిడి గొట్టము నుంచి, చప్పుడు మొదలగుచోట పోటును, అంతమగుచోట ఆటును గుర్తింపవచ్చునని చూపెను. హేల్స్ గుఱ్ఱపు ప్రయోగమును ప్రకటించిన 172 ఏండ్లకు ఆ కొలత, నెత్తురు చుక్క రాలకుండ, రోగి చేతి కందెను.

గట్టిపడుట, చీలుట

గుండె నిమిషమునకు 70 మార్లు కొట్టుకొన్నచో దినమునకు లక్షకు పైబడును. 40 ఏండ్లకు సుమారు 147 కోట్ల మార్లగును. అన్ని మార్లును బృహద్ధమని సాగి ముడుచుకొనవలయును. ఎలాస్టిన్ చాలవరకు గర్భమునందును, బాల్యమునందునే తయారగును. పెద్దతనమున తెగిన పలక మరల పూర్వమువలె అల్లబడదు. పలకలు అలసి తెగినకొలది, భారము సాగని కొల్లాజెన్ పైబడును. గోడ బిరుసెక్కును. రక్తపుపోటు హెచ్చుగా నున్నచో ఈ అరుగుదల త్వరపడును. పొగాకు, మధుమేహము దీనికి తోడ్పడును.

గట్టిపడిన నాళములో అల వేగముగా పోయి, చిన్న ధమనులను తాకి, వేగముగా మరలి వచ్చును. సాగెడు నాళములో ఆ మరలు అల గుండె విశ్రమించుచుండగా చేరును. బిరుసు నాళములో గుండె ఇంకను త్రోయుచుండగనే ఎదురువచ్చును. కావున పోటు మరింత హెచ్చును. పోటు గోడను గట్టిపరచుచుండగా, గట్టిపడిన గోడ పోటును హెచ్చించుచుండును. ఏది ముందు, ఏది వెనుక అని శాస్త్రజ్ఞులు ఇంకను చర్చించుచున్నారు. రెండును పరస్పర పోషకములనుట నిశ్చయము.

ఏదో ఒకనాడు లోపలి పొర చిరుగును. రక్తము ఆ చిరుగు గుండ నడిమి పొరలోనికి జొరబడి, ప్రతి నాడిదెబ్బకును పొరలను కొంత కొంత విడదీయుచు పోవును. దీనినే బృహద్ధమని చీలిక యందురు. ఏటా లక్షమందిలో మూడు మొదలు ఆరుగురికి వచ్చునని అంచనా. సంఖ్య స్వల్పమే ఐనను, గుండెకు సమీపమున చీలినపుడు చికిత్స లేనిచో మొదటి రెండు దినములలో గంట గంటకును నూటికి ఒకరు లేక ఇద్దరు చొప్పున మరణింతురు. ఈ వ్యాధిపాలైనవారిలో సుమారు మూడువంతులు రక్తపుపోటు గలవారని 1996 నుండి నడచుచున్న అంతర్జాతీయ నమోదు తెలుపుచున్నది. జన్మతః గోడ బలహీనమగుట వంటి కారణములును కలవు. కాని ముందుగా తెలిసికొని అదుపులో నుంచుకొనదగిన కారణములలో ప్రధానమైనది రక్తపుపోటే.

అడవివేరు చేసిన మేలు

చికిత్స చరిత్రలో మన అడవులకు గౌరవస్థానము కలదు. సర్పగంధ, తెలుగున పాతాళగంధి యనబడు మొక్క వేరును మన వైద్యులు పాముకాటునకు, పిచ్చికి, నిద్రలేమికి వాడుచుండిరి. 1931లో కలకత్తా వైద్యులు గణనాథ సేన్, కార్తిక చంద్ర బోసు ఆ వేరు రక్తపుపోటును తగ్గించునని ప్రకటించిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 50 మంది రోగులపై తాను చేసిన పరీక్ష ఫలితములను బ్రిటిషు హృద్రోగ పత్రికలో వెలువరించెను. దానితో పాశ్చాత్యుల దృష్టి ఈ వేరుపై పడెను. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు దానినుండి ‘రిసర్పిన్’ అను సారమును వేరుపరచిరి.

ఆ పిమ్మటి కథ చిత్రమైనది. అమెరికాలో పెంపకపు టర్కీకోళ్ళు బృహద్ధమని పగిలి హఠాత్తుగా చచ్చుచుండెను. మేతలో కొంచెము రిసర్పిన్ కలిపినచో ఆ చావులు తగ్గుట కనుగొనిరి. 1965లో ఫ్లోరిడాలోని మైరన్ వీట్, ఆయన సహచరులు ధమని చీలిన రోగులకు శస్త్రచికిత్స లేకయే రిసర్పిన్ మొదలగు మందులతో చికిత్స చేసిన సంగతి ప్రకటించిరి. వారు గ్రహించిన ముఖ్యవిషయ మిది: గోడను చీల్చునది పోటు ఎత్తు మాత్రమే కాదు, ప్రతి దెబ్బయందును ఆ పోటు లేచెడు వాడియు. కావున పోటును తగ్గించుటతోపాటు గుండె దెబ్బను మెత్తపరచవలయును. నేడు రిసర్పిన్ స్థానమున ఇతర మందులు వచ్చినవి. మనస్సును క్రుంగదీయుట మొదలగు దోషములచే దాని వాడుక సన్నగిల్లెను. సూత్రము మాత్రము మారలేదు.

శస్త్రచికిత్సకు త్రోవచూపినవాడు హ్యూస్టన్ నగరపు మైకేల్ డెబేకీ. 1954లో చీలిన ధమనిని విజయవంతముగా సరిచేసెను. కృత్రిమపు నూలుతో నేసిన గొట్టములను ధమనులకు బదులుగా అమర్చు పద్ధతిని వ్యాపింపజేసెను. 2005 డిసెంబరు 31న, 97వ ఏట, ఆయనకే ఈ వ్యాధి సంభవించెను. 2006 ఫిబ్రవరిలో తాను రూపొందించిన శస్త్రచికిత్సచేతనే బ్రతికి, 2008 జూలైలో, నూరేండ్లు నిండుటకు రెండు నెలల ముందు, కన్నుమూసెను.

మన పల్లెల లెక్క

రాజుకు శవపరీక్ష జరిగెను. డెబేకీకి నగరపు ఆసుపత్రి సమీపముననే యుండెను. మన పల్లెల సంగతి యేమి?

2006లో ప్రకటింపబడిన యొక పరిశోధన ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో, 1,80,162 మంది జనులలో, సంభవించిన 1354 మరణములను విచారించెను. వానిలో నూటికి 32 గుండె, రక్తనాళముల వ్యాధులవలన కలిగినవని తేలెను. అంటువ్యాధుల వంతు 12 మాత్రమే. గోదావరి మండలము సంపన్నమైనది కావున అట్లుండెనని అందురేమో! మా గడ్చిరోలి జిల్లాలోనే 2011–2013 నడుమ ‘సెర్చ్’ సంస్థవారు 86 గ్రామములలో, సుమారు 94 వేల జనులలో, 1599 మరణములను విచారించిరి. వానిలో 229, అనగా నూటికి 14కు పైగా, పక్షవాతమువలన కలిగినవి. మరి యే వ్యాధియు అంతమందిని చంపలేదు. ఆ 229 మందిలో నూటికి 87 మంది తమ యిండ్లలోనే మరణించిరి. అడవిజిల్లాలో జ్వరములే చంపునను భావమును ఈ లెక్క తారుమారు చేసెను.

పక్షవాతము వేరు, బృహద్ధమని చీలిక వేరు. ఐనను రెంటికిని ప్రధాన కారణము నొకటే: ఏండ్ల తరబడి అదుపు లేని రక్తపుపోటు. పక్షవాతము కాలుసేయి పడవేసి తన్ను తాను తెలుపుకొనును. కావున మృతుని బంధువులను అడిగినను గుర్తింపవచ్చును. చీలిక అట్లు తెలుపుకొనదు. ఛాతీని యంత్రముతో చిత్రించి చూచినగాని, మరణానంతరము తెరచి చూచినగాని అది రుజువు కాదు. పొలమున వీపు పట్టుకొని కూలినవానిని గూర్చి ‘గుండె ఆగెను’ అందుము. ఆగుట అన్ని మరణములకును సమానమే. అది కారణము కాదు. రెండవ జార్జి నాటి ప్రశ్న మన పల్లెలో నేటికిని అడుగబడుట లేదు.

ఐతే ఈ చరిత్ర మనకు నిరాశను బోధింపదు. అలవేగమును కొలుచు యంత్రము ప్రతి గ్రామమునకు రానక్కరలేదు. చేతిపట్టీ చాలును. అది చెప్పు రెండంకెలను కాగితముపై వ్రాసియుంచుకొనవలయును. పలుమార్లు కొలిచినను పోటు 140, ఆటు 90 లేక అంతకు మించియున్నచో అది రక్తపుపోటు వ్యాధి. ముదుసలులలో రెంటి నడుమ అంతరము 60 చేరినను, మించినను, ధమనులు గట్టిపడినవనుటకు సూచన, వైద్యుని చూడవలయును. మాత్రను వైద్యుడు మానుమన్నగాని మానరాదు. ఉప్పు తగ్గించుట, పొగాకు విడుచుట తోటి మందులు. హఠాత్తుగా ఛాతీలోనో, రెక్కల నడుమ వీపులోనో చీల్చినట్టి నొప్పి పుట్టినపుడు, రెండు చేతుల నాడి సమముగా లేనపుడు, తెల్లవారనిమ్మని వేచియుండరాదు. చంద్రాపురమునకో, నది దాటి వరంగల్లునకో, పెద్ద ఆసుపత్రికి అప్పుడే బయలుదేరవలయును. అచ్చట ‘ఇది ధమని చీలికయేమో’ అని అడుగుటకు సంకోచింపరాదు. గుండెపోటునకు రక్తపుగడ్డను కరగించుటకై యిచ్చు మందు ఈ వ్యాధిలో ప్రాణాంతకము కావచ్చును.

“బాధ లేనపుడు మాత్ర యెందులకు?” అని అడుగు పెద్దలకు నేనిప్పుడు సముద్రమును చూపి సమాధానము చెప్పుచున్నాను. పోటు వచ్చినపుడు గట్టునకు నొప్పి తెలియదు. గట్టు తెగిననాడు తెలిసినను ప్రయోజనము లేదు. రక్తపుపోటు అనగా నొప్పి కాదు, కెరటము. మాత్ర నొప్పికి కాదు, గట్టునకు. మన సంఘమునకు చెందినవారు ఏ రాష్ట్రమున, ఏ దేశమున నున్నను, ఈ పండుగకు స్వగ్రామము చేరినపుడు తల్లిదండ్రులకు పెట్టు బట్టలతోపాటు ఒక చేతిపట్టీ యంత్రమును కూడ తెచ్చి, దాని అంకెలను చదువుట ఇంటిలోని బడిపిల్లకు నేర్పినచో, ఈ వ్యాసము వ్రాసిన శ్రమ సార్థకమైనట్లు భావింతును.